తొమ్మిదిళ్ళ ఊరి పేరు

నా చిన్నప్పుడు మలేషియాలో తెలుక్ ఇంటాన్ దగ్గర మేమున్న రబ్బరు ఎస్టేటుకు ఒక ఇంగ్లీషు పేరుండేది. మొదటి దొర ఇంగ్లండులోని తన ఊరి పేరు పెట్టాడట. గేటు దగ్గర బోర్డు మీద ఆ పేరు చదవడం మా ఇళ్ళలో ఎవరికీ రాదు. నాకైతే అరవై దాటాకే అక్షరాలొచ్చాయి. ఇత్తడి మీద చెక్కించారంటే అదేదో మహాపట్నమై ఉంటుందని అందరం నమ్మాం. పక్క ఎస్టేటు పిల్లలతో అదే గొప్పగా చెప్పుకున్నాను.

"మీ కూలి ఇళ్ళ లైనుకి పట్నం పేరా? కనుక్కురా పో! అబద్ధమైతే మాతో ఆడొద్దు లా" అన్నారు వాళ్ళు మలాయ్ యాసలో.

మా తాతయ్య దొర బంగళాలో పూలమొక్కలకు నీళ్ళు పోసేవాడు. మారాం చేసి ఆయన వెంట వెళ్ళాను. దొరసాని వరండాలో ఆ ఊరి పటం చూపించి, వచ్చీరాని తమిళంలో ఓపిగ్గా చెప్పింది. ఒక వాగు, రాతి వంతెన, పాత చర్చి. గొర్రెలు కాసుకునేవాళ్ళట. పని దొరక్క కుర్రవాళ్ళు ఊరొదిలి పోతున్నారట. మొత్తం తొమ్మిదే ఇళ్ళు! మా లైనులోనే ఇరవై ఉన్నాయి.

దారిలో సిగ్గుతో ఏడుస్తుంటే తాతయ్య, "ఏటే, పట్నం కాదనా ఏడుపు? ఆ దొరకి ఆళ్ళూరి మీద బెంగ. అందుకే ఆ పేరెట్టినాడు. మీ ముత్తాత కూడా ఎట్టినాడు. రా, సూపిస్తాను" అన్నాడు.

అలసిన కాళ్ళతోనే ఎస్టేటు చివరిదాకా నడిపించాడు. అక్కడొక మురుగుకాలవ మలుపు. మా ముత్తాత, ఆయనతో ఓడ దిగినవాళ్ళు నడుంలోతు బురదలో నిలబడి తవ్విన కాలవ. ఆ మలుపును వాళ్ళు చినపాలెం అని పిలుచుకునేవారట. వదిలి వచ్చిన ఊరి పేరు అది.

"మరి బోర్డేదీ?" అన్నాను.

"మనకెవుడు ఎడతాడే? నోటితో అనుకోడమే."

తాతయ్య గట్టు మీద చాలాసేపు కూర్చుండిపోయాడు. ఇంటికి పోదామని నాకు అనబుద్ధి కాలేదు.

మర్నాడు ఆ పిల్లలకు నిజమే చెప్పాను. తొమ్మిదిళ్ళని పడీ పడీ నవ్వారు. చినపాలెం సంగతి విన్నాక మాత్రం ఒకమ్మాయి, తన అవ్వ కూడా వాళ్ళ బావిని ఏదో ఊరి పేరుతో పిలుస్తుందని మెల్లగా అంది. నన్ను ఆటలోంచి ఎవరూ తీసేయలేదు.

కొత్తవాళ్ళు కలిస్తే ముందు ఊరు అడగడం అప్పటినుంచీ నాకు అలవాటు. ఆ ఎస్టేటు ఇప్పుడు లేదు. క్లాంగ్ పట్నంలో కూతురి ఫ్లాటులో ఉంటున్నాను. మెట్లు తుడిచే ఇండోనేషియా ఆవిడను మీది ఏ ఊరని అడిగితే, చీపురు గోడకానించి మొదలుపెడుతుంది. మోకాళ్ళు లాగేస్తుంటాయి. అయినా ఆమె ఊరంతా చెప్పడం అయ్యేదాకా నిలబడే ఉంటాను.