మర్యాదకు తిన్నానన్నాను

నా ప్రాణాన్ని, నా పరువును, పాపం ఓ డాక్టరు పేరును ఒకే శనివారం, ఒకే కుర్చీలో కూర్చుని గంగలో కలపబోయిన ఘనుడిని నేను. ఆ కుర్చీ నల్లగొండలో ఓ పళ్ల దవాఖానది.

లెక్కలు నేను బడిలో నేర్చుకోలేదు. మేళ్లచెరువులో సిమెంటు లారీలను చూసి నేర్చుకున్నాను. ఎంత లోడుకు టైరు ఎంత అణుగుతుందో నోటిలెక్కన చెప్పేస్తాను. అంతటివాడికి దవడ పన్ను పుచ్చింది. నొప్పి లేకుండా ఊడాలని గుట్ట నరసింహస్వామికి మొక్కి, ఆ రోజు ఏమీ తినకుండా ఒక్కపొద్దు ఉన్నాను. షుగర్ గోలీ మాత్రం పొద్దున్నే వేసుకున్నాను. చూశారా, ఎంత క్రమశిక్షణో!

"షుగర్ గిట్ల ఉన్నదా?" అన్నాడు డాక్టరు.

"ఉన్నది సార్. గోలీ ఏసుకున్న."

"తిన్నరా?"

"తిన్న సార్."

మా వైపు ఎవరైనా తిన్నవా అంటే తిన్న అనాలి. కడుపులో ఎలుకలు కబడ్డీ ఆడుతున్నా సరే. లేదంటే పళ్లెం పెడతారు, అడిగి పెట్టించుకున్నట్టు ఉంటుంది.

కుర్చీ వెనక్కి వాలింది. డాక్టరు అటు తిరిగి సూది సిద్ధం చేస్తున్నాడు. ఇంతలో నా చేతులు పిండిగిర్నీలా వణకసాగాయి. ఒళ్లంతా చెమట! పైనున్న లైటు రెండైంది. నాలోని లెక్కల పండితుడు లేచాడు.

"సార్! మత్తు ఎక్కువైంది! నా బరువుకు గింత మందా? లెక్క తప్పిన్రు!"

"ఏం మందు? సూది ఇంకా నా చేతిలనే ఉన్నది!"

"మత్తుల ఉన్నోనికి అబద్ధాలు చెప్తున్రా సార్!"

బయట బెంచీ మీదివాళ్లు దవడలు పట్టుకుని చెప్పులు వెతుక్కున్నారు. ఒకాయనైతే తన నొప్పి తగ్గిపోయిందని ప్రకటించి మరీ వెళ్లాడు. మా ఆవిడ అంజమ్మ లోపలికి ఉరికొచ్చింది.

"సార్, ఈయన పొద్దుగాల్నుంచి మెతుకు ముట్టలే! ఒక్కపొద్దున్నడు!"

డాక్టరు సూది పక్కన పెట్టి, నా వేలు గుచ్చి షుగర్ చూశాడు. ముఖం మారిపోయింది. "సిస్టర్, గ్లూకోజు నీళ్లు! జల్ది! జరసేపైతే సోయి తప్పుతడు!"

కుర్చీ లేపి గ్లాసు మూతి దగ్గర పెట్టారు. నేను దవడలు బిగించాను. "వద్దు. ఒక్కపొద్దు చెడుతది."

"తాగుతవా, డాక్టర్ సాబ్‌తోని నోరు తెరిపియ్యాల్నా? ఆయనకు గదే పని!" అంది అంజమ్మ.

తాగాను. కాసేపటికి రెండు లైట్లు ఒకటయ్యాయి. డాక్టరు మళ్లీ షుగర్ చూసి, గట్టిగా ఊపిరి వదిలాడు.

"మరి తిన్న అంటిరి?"

"అడిగిన్రు గద సార్. లే అంటే ఏం బాగుంటది?"

"నేనేం బువ్వకు పిలువలే అన్నా! గోలీ ఏసుకుని తినకుంటే పానం మీదికొస్తది!"

సోమవారం మళ్లీ వెళ్లాను. ఈసారి ఆయన తిన్నరా అని అడగనే లేదు. "నోరు తెరువున్రి" అన్నాడు. చిన్న అద్దం పెట్టి మూలమూలా వెతికి, "ఉప్మా. కరివేపాకు కూడ ఉన్నది. సిస్టర్, సూది తీసుకరా" అన్నాడు.

నరసింహస్వామి సాక్షిగా చెబుతున్నాను: సూది పట్టుకున్నవాళ్లు అడిగితే ఇక ప్రాణం పోయినా నిజమే చెబుతాను. మీరు అడిగితే మాత్రం, తిన్నాను.