ఒక్క చూపులో ఇద్దరు

మూడు తరాల పగ, బండల మధ్య రగిలిన కక్ష, నడుమ నలిగిన కన్నతల్లి. ఇదంతా ఒక మహాగాథగా రాద్దామనే కూర్చున్నాను. మొదటి వాక్యంలోనే దొరికిపోయాను. పగ ఒక్క తరానిదే. వాడిన ఆయుధం ఒక రంగు డబ్బా. రక్తం ఒకసారి వచ్చిన మాట నిజమే, చిన్నాయన గడ్డం గీసుకుంటున్నప్పుడు.

కడప నుంచి రాజంపేట వెళ్ళే దారిలో ఉంటుంది మా ఊరు. తాత కట్టిన ఇంటిని మా నాయన, చిన్నాయన పంచుకున్నప్పుడు మధ్యలో నాపబండలు వరుసగా నిలబెట్టారు. ఆ వరుస మా వైపు జానెడు జరిగిందని నాయన, జరగలేదని చిన్నాయన. ఆనాటి నుంచి పన్నెండేళ్ళుగా మాటల్లేవు, అంతా బొమ్మలే. అసలు హద్దు అటుందని నాయన మా వైపు బండ మీద ఎర్రరంగుతో బాణం గుర్తు వేశాడు. చిన్నాయన తన వైపు ఇంకో బాణం వేశాడు. ఒకరి బాణం ఇంకొకరికి కనబడదు. ఆ సంగతి ఇద్దరికీ ఇంతవరకు తట్టలేదు.

వాళ్ళమ్మ, మా జేజికి వంతులు. ఒక నెల మా ఇంట్లో, ఒక నెల చిన్నాయన ఇంట్లో. నెల మారిన రోజు ఆమె ఇనుపపెట్టెను నేను బండల చివరిదాకా మోస్తే, చిన్నాయన అక్కడ అందుకుంటాడు.

పోయిన ఏడాది కడపలో కంటి డాక్టరు జేజిని చూసి, కంటి నరం ఎండిపోతోందన్నాడు. పోయిన చూపు రాదు, ఉన్నది కూడా అంచుల నుంచి మూసుకొస్తుంది. తిరిగి వస్తుంటే ఆటోలో జేజి ఒకటే అడిగింది.

"నా బిడ్డలిద్దర్నీ ఒక్కతూరి పక్కపక్కన చూడల్ల రా. ఇది మూసుకపోయే లోపల."

నేను ప్రతిదానికీ ఏదో ఒక జోకు వేస్తాను. ఆ ఆటోలో ఒక్కటీ తట్టలేదు.

ముందు నాయనను అడిగాను.

"పెద్దోన్ని నేను పోవల్లనా? వాన్నే రమ్మను."

చిన్నాయన దగ్గరికి పోయాను.

"మీ నాయన్నే రమ్మనప్పా. దోవ మర్చిపోయింటే నువ్వు చెయ్యి పట్టుకోని తీస్కరా."

నెల రోజులు అటూ ఇటూ తిరిగాను. ఈలోపు జేజి అన్నం పళ్ళెంలో పక్కనున్న కూరను వేళ్ళతో వెతుక్కోవడం మొదలుపెట్టింది. ఇక అబద్ధమే దిక్కనుకున్నాను. నా పని పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేయడం. అలిగి వెళ్ళిపోయిన మేనమామ చేత కూడా అక్షింతలు వేయించిన చెయ్యి ఇది.

ఒకరోజు పొద్దున, నాయన మా గడప ముందు అరుగు మీద కూర్చుని ఉంటే ఫోనులో తీశాను. "తిన్యావా?" అని నన్నడిగాడు. తర్వాత తన అరుగు మీదున్న చిన్నాయన దగ్గరికి పోయి, అలాగే తీస్తూ, "తిన్యావా చిన్నాయనా?" అన్నాను. "తిన్యా, నువ్వు?" అన్నాడు. రెండూ అతికించాను. పన్నెండేళ్ళ పగ తొమ్మిది సెకన్లలో ముగిసింది.

జేజి ఫోనును ముక్కుకు ఆనించుకుని చూసింది.

"మాట్లాడుకుంటాండారు, సరే. ఇద్దరూ ఒకే పక్క చూస్తాండారేమి రా? ఎవురొస్తాండారు ఆడ?"

ఎదురెదురుగా మాట్లాడుకునేవాళ్ళలో ఒకరు కుడికి చూస్తే ఒకరు ఎడమకు చూడాలి. ఎన్ని పెళ్ళిళ్ళు చేశానో, ఇది మరిచాను. చిన్నాయన బొమ్మను అద్దంలోలా తిప్పి మళ్ళీ చూపించాను.

"వాని పుట్టుమచ్చ ఈ చెంపకెప్పుడొచ్చె?"

నేను ఫోను వెనక్కి తీసుకున్నాను.

"విడివిడిగా తీసి కుట్టినావు గదా," అంది. కోపం లేదు. అదే కష్టంగా ఉండింది. "వాళ్ళు చూసేది ఏందిరా?" అంది.

చెప్పాను. రెండు ఇళ్ళూ తూర్పు వాకిళ్ళే. ఎదురుగా వీధి కొళాయి. నీళ్ళొచ్చే రోజు బిందెలు వరుసలో పెట్టి, అవతలివాడు తన బిందెను వెనక్కి జరుపుతాడేమోనని ఇద్దరూ ఎవరి అరుగు మీద వాళ్ళు కాపలా కూర్చుంటారు.

"నన్ను ఆ కొళాయి కాడికి తీస్కపో," అంది జేజి.

రెండు రోజుల తర్వాత, నీళ్ళొచ్చే రోజు పొద్దున్నే బిందెల పక్కన జేజికి కుర్చీ వేశాను. ఎదురుగా నాయన, చిన్నాయన, మధ్యలో బండలు. అమ్మ ఎందుకు అక్కడ కూర్చుందో ఇద్దరికీ అర్థం కాలేదు. నన్నడగాలంటే రెండోవాడికి వినబడుతుంది.

"ఒకడే కనపడతాండాడు. ఎనక్కి జరుపు."

జరిపాను. "ఇంగా." జరిపాను. రోడ్డు దాటి అవతలి గోడకు ఆనింది కుర్చీ.

"ఆ. పడినారు ఇద్దురూ."

"మొగాలు కనపడతాండాయా జేజీ?"

"మొగాలు లేవు లే. చొక్కాలు కనపడతాండాయి. పెద్దోడు తెలుపు, చిన్నోడు నీలం." చెయ్యి అడ్డం పెట్టుకుని రెప్ప వేయకుండా చూస్తోంది. "నీళ్ళొస్తే లేచిపోతారు గదరా."

ఏడుకు రావాల్సిన నీళ్ళు ఆ రోజు ఎనిమిదిన్నరకు వచ్చాయి, అంతదాకా ఇద్దరూ అరుగుల మీంచి లేవలేదు. ట్యాంకు దగ్గర మోటారు మొరాయించిందట.