గీత దాటిన ఇంజనాయిలు

ఈ రోజు రేపల్లెలో మా కారు సర్వీసింగుకిచ్చి షెడ్డులో కూర్చున్నాను. తీరా నా వంతు వచ్చేసరికి ఓ పాత కారు పొగ కక్కుకుంటూ లోపలికొచ్చింది. మెకానిక్ నన్ను వదిలేసి అటు వెళ్ళాడు. నాకు విసుగొచ్చింది.

వచ్చినాయన అడవులదీవిలో బోటు నడుపుతాడట. మోకాళ్ళ నొప్పులతో బస్సెక్కలేని భార్యను తెనాలి ఆసుపత్రికి తిప్పడానికే ఆ కారు కొన్నాడు. ఆమె వెనక సీట్లో కూర్చుని ఉంది. మెకానిక్ ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూస్తే, ఆయిల్ గీత దాటి చాలా పైకి ఉంది.

"ఇంత పోశావేంటి బాబాయ్?"

"ఎక్కువుంటే ఇంజను వేడెక్కదు, పదికాలాలు మన్నిద్దని పోశానబ్బాయ్. మా బోటుకి దీనికి రెండింతలు పట్టిద్ది. సముద్రంలో ఒక్కసారీ ఆగలేదు."

"బోటింజనుకి కింద ఆయిలుండే చాంబరు పెద్దది. దీంట్లో ఎక్కువైతే నురగ కట్టి ఇట్టాగే పొగొచ్చిద్ది."

"అయితే దీనికీ చాంబరు పెద్దది వెయ్యి. దారిలో ఆగితే ఈవిడ నడవలేదు."

వెనక సీట్లోంచి ఆమె నెమ్మదిగా అంది. "మీ బాబాయ్ అన్నం కూడా ఇట్టాగే వడ్డిస్తాడు బాబూ. చాలంటే వినడు."

నా విసుగు అక్కడే పోయింది.

ఎక్కువైందని మెకానిక్ తీసేసిన ఆయిల్‌ను ఆయన డబ్బాలో పట్టించుకుని, ఆమె కాళ్ళ దగ్గర భద్రంగా పెట్టుకుని తెనాలి వెళ్ళాడు. మీ ఇంట్లోనూ ఇలా చాలన్నా వినని వాళ్ళుంటే చెప్పండి. దారిలో ఆ డబ్బా మళ్ళీ ఇంజన్లోనే పోసేస్తాడేమోనని నాకింకా అనుమానంగానే ఉంది.