నూట యాభైకి దిగని ముల్లు

జమ్మలమడుగులో కోదండపాణి ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. లారీ సామి ఇల్లంటే మాత్రం బడిపిల్లలు కూడా చెయ్యి పట్టుకుని తీసుకెళ్తారు. నాలుగు తరాలుగా గుళ్లో అర్చకత్వం చేసే వంశంలో పెద్దకొడుకై పుట్టి, పంతొమ్మిదో ఏట తీర్థంగిన్నె తమ్ముడి చేతిలో పెట్టి, నాపరాళ్ల లారీ ఎక్కి వెళ్లిపోయిన మనిషి. తండ్రి మూడేళ్లు మాట్లాడలేదు. నాలుగో ఏట నోరు విప్పి అడిగిన మొదటి మాట, "బ్రేకులు బాగుండాయా?" అని.

ఇప్పుడాయనకు యాభై నాలుగేళ్లు. నుదుట నామం, నడుముకు లుంగీ, సొంత లారీ. పులివెందుల తోటల్లో అరటిగెలలు ఎక్కించుకుని ముద్దనూరు, జమ్మలమడుగు మీదుగా నంద్యాల మండీలో దించడం పని. అర్చకత్వం వదిలినా అలవాటు పోలేదు. లారీ నొసట అద్దం పైన పెద్ద నిలువు నామం, దానికి అటూ ఇటూ శంఖుచక్రాలు తన చేత్తోనే రాసుకున్నాడు.

ఆ లారీకి ఒకే ఏడాదిలో రెండు టర్బోలు కాలిపోయాయి. టర్బో అంటే పొగ తోపుడుకు గిర్రున తిరిగి ఇంజినుకు గాలి ఎక్కించే చిన్న చక్రం. రెండోసారి ముద్దనూరు దగ్గర కొండదారి ఎక్కుడులో అది ఈల వేసి, మూలిగి, చచ్చిపోయింది. నీళ్ల వేడి చూపించే మీటరు అప్పుడు కూడా తనకేం సంబంధం లేనట్టు మధ్యలోనే నిలబడి ఉంది.

ప్రొద్దుటూరులో దిల్షాద్‌బీకి ఇనుము చెక్కే లేతు షాపు ఉంది. భర్త పోయాక షాపు అమ్మేయమని బంధువులంతా చెబితే, వాళ్లకు టీ ఇచ్చి పంపించి, తానే లేతు ముందు కూర్చున్న మనిషి. కాలిన చక్రాన్ని అరచేతిలో వేసుకుని తిప్పి చూసింది.

"నీళ్లు చల్లగుంటే పొగ చల్లగుంటాదా సామీ? పొగ వేడి చూపించే మీటరు వస్తాది. అది పెట్టించుకో. ల్యాకుంటే ఏడాదికి రెండు తద్దినాలు పెట్టుకుంటా ఉండు."

కోదండపాణి ఫోనులో వెతికి మీటరు తెప్పించాడు. పెట్టెలో గుండ్రటి డయలు, పొడుగాటి వైరు, దాని కొసన వేలెడంత ఇనుప కడ్డీ, చీమతలకాయంత అక్షరాలతో ఒక కాగితం ఉన్నాయి. కాగితం ఆయన మడిచి దేవుడి పటం వెనక పెట్టాడు.

బిగించే రోజు పంచాంగం పట్టుకుని వచ్చాడు. దిల్షాద్‌బీ డ్రిల్లు చేతబట్టి ముప్పావుగంట నిలబడింది.

"నా డ్రిల్లుకు వర్జ్యం ల్యాదు సామీ."

"ఇంజినుకు ఉండాది బీ. దాన్ది రోహిణి."

"ఇంజినుకు నక్షత్రం ఎవరు పెట్టినారు?"

"షోరూములో నుంచి బయటికొచ్చిన గడియను బట్టి నేనే పెట్టినా."

ఆమె గ్రీజు డబ్బా మూత తీసి పెట్టుకుంది. వర్జ్యం వెళ్లాక డ్రిల్లు ముక్కుకు దట్టంగా గ్రీజు పూసింది. టర్బోకు ముందు, ఇంజిను పొగ వచ్చి కలిసే పోతయినుము గొట్టానికి రంధ్రం వేయాలి. ఇనుప రజను ఒక్క పలుకు లోపలికి జారినా టర్బో చక్రం తునకలవుతుంది. అందుకని ఇంజిను నడుస్తుండగానే వేస్తానంది. లోపల్నుంచి పొగ తోస్తుంటే రజను బయటికే వస్తుందట. కోదండపాణి క్యాబిన్లో కూర్చుని కళ్లు మూసుకున్నాడు. రంధ్రం పడగానే నల్లటి పొగ బుస్సుమని వచ్చి ఆమె మొహాన కొట్టింది. ఆమె రెప్ప కూడా వేయలేదు. మరలు కోసి, కడ్డీ దించి, బిగించి, వైరు క్యాబిన్లోకి లాగి ఇచ్చింది.

"రెండే మాటలు. ఎక్కుడులో ముల్లు ఆరునూర్ల యాభై దాటగూడదు. బండి నిలిపినాక నూటాయాభైకి దిగేదాకా ఇంజిను ఆపగూడదు. పోయిన మా ఆయప్ప చెప్పిన లెక్క ఇది."

మసీదులో అజాన్ వినబడింది. డయలు వంక చూడకుండానే ఆమె మొహం కడుక్కోవడానికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం మూడింటికి ఆయన ఇంటి ముందు లారీ నిలిపాడు. ముల్లు రెండువందల తొంభై మీద ఉంది. దిగేదాకా చూద్దామని కూర్చున్నాడు. భార్య ఆండాళ్ వచ్చి భోజనానికి పిలిచింది.

"దిగుతాండాది, దిగుతాండాది. ఇప్పుడే ఇన్నూట ఎనభై తొమ్మిదికొచ్చె."

ఆమె విస్తరాకులో పులిహోర క్యాబిన్లోకే తెచ్చిచ్చింది. లారీ గుడగుడలాడుతూనే ఉంది. ఎదురింటివాళ్లు తలుపులు మూసుకున్నారు. పక్కింటాయన వచ్చి గోడమీది పటం ఊడిపడిందని చెప్పిపోయాడు. ముల్లు రెండువందల ఎనభై దగ్గర ఇల్లు కట్టుకుంది. పొద్దుగూకే వేళకు ఇంజిను రెండుసార్లు ఎక్కిళ్లు పెట్టి ఆగిపోయింది. డీజిలు అయిపోయింది. అప్పుడు ముల్లు మెల్లగా నూట యాభై దాటి కిందికి జారింది.

"చూసినావా, దిగింది!" అని ఆయన తృప్తిగా దిగి కాళ్లు కడుక్కున్నాడు.

అసలు కష్టం రోడ్డు మీద మొదలైంది. చదునైన దారిలో కూడా కాస్త తొక్కితే చాలు ముల్లు ఏడువందలు చూపిస్తోంది. ఇంతకాలం ఇంత నిప్పు మీద కూర్చుని బండి నడిపానా అని ఆయన గబుక్కున కాలు తీశాడు. ఆరువందల యాభై దాటకుండా తోలడం నేర్చుకున్నాడు. సైకిళ్లు దాటిపోయాయి. ముద్దనూరు ఎక్కుడులో రెండువందల గొర్రెలు లారీని దాటిపోతే, వెనకబడ్డ కుంటి పొట్టేలు ఒకటి కాసేపు తోడు నడిచింది.

ఒక శనివారం పెద్దముడియం దాటాక ఒక ఊళ్లోకి లారీ మనిషి నడకతో ప్రవేశించింది. ముందు నిలువు నామం, శంఖుచక్రాలు, వెనక ఆకుల్లో గెలలు, లోపల నామాలు పెట్టుకున్న మనిషి. వాకిట్లో బియ్యం చెరుగుతున్న శివమ్మ అనే ముసలామె చేట పక్కన పెట్టి లేచింది.

"సామి వచ్చినాడు! రండే, సామి వచ్చినాడు!"

నిమిషాల్లో కొబ్బరికాయలు, హారతిపళ్లేలు, ఎక్కడి నుంచో ఒక పలక డప్పు కూడా వచ్చాయి. కోదండపాణికి ఏం చేయాలో తోచలేదు. వేగం పెంచితే ముల్లు ఒప్పుకోదు. నిలిపితే ఇంజిను ఆపడానికి లేదు.

"దేవుడు కాదు తల్లీ, అరటికాయలు!" అన్నాడు కిటికీలోంచి.

"అరటికాయల్లో దేవుడు ల్యాడా సామీ?" అంది శివమ్మ.

 అర్చకుడి కొడుకు ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, రెండో చేత్తో హారతి అందుకున్నాడు. నోరు తనకు తెలియకుండానే అష్టోత్తరం అందుకుంది. ఊరంతా పక్కనే నడిచి పొలిమేర దాకా సాగనంపింది. ప్రసాదమని గెలల్లోంచి తలా ఒక అత్తం కాయలు తెంపుకున్నారు. ఆయన ఇంజిను ఆపకుండానే మధ్యమధ్యలో నిలుపుకుంటూ మూడోరోజు నంద్యాల చేరేసరికి, ఎండకు టార్పాలిన్ పట్ట కింద మాగి మిగిలిన గెలలు పసుపురంగుకు తిరిగాయి.

గెలలు పంపిన పులివెందుల వ్యాపారి రాజశేఖర్ ఆండాళ్‌కు ఫోను చేశాడు.

"అమ్మా, సామిని యాడన్నా పెద్దాస్పత్రిలో చూపీండి. కాయలు ఎక్కిస్తే పండ్లు దించుతాండాడు. ఊర్లో జనం తిన్నంక మిగిలినేటివి."

 మర్నాడు ఆండాళ్ చీర కుచ్చెళ్లు ఎగదోపి లారీ ఎక్కింది. పెళ్లయి ముప్పై ఏళ్లలో అదే మొదటిసారి. పులివెందుల్లో లోడు ఎత్తుకుని బయల్దేరాక ఆమె భర్త మొహాన్ని కాసేపు, ఆయన చూస్తున్న ముల్లును కాసేపు చూసింది.

"ఏమండీ, ఈడ చిన్నగా ఎఫ్ అని ఉండాది."

"ఫైర్ అని ఆండాళూ. నిప్పు."

"నిప్పు కాదు. మనింటి పాత థర్మామీటరు మీద గూడ ఇదే ఉండాది. దాంట్లో తొంభై ఎనిమిదంటే జ్వరం లేనట్టు. ఆస్పత్రిలో దాంట్లో సి ఉంటాది. దాంట్లో ముప్పై ఏడంటే జ్వరం లేనట్టు. ఆ బీ ఏ లెక్క చెప్పిందో అడిగినారా?"

ఆయన లారీ పక్కకు తీశాడు. ఆండాళ్ ఫోనులో లెక్క కట్టి చూపించింది. సి లెక్కలో ఆరువందల యాభై అంటే ఈ డయలు మీద పన్నెండువందలు. నూట యాభై అంటే మూడువందలు.

"అంటే ఆ దినం మనింటి ముందర..."

"మీరు వచ్చి నిలపకముందే దిగిపోయుండాది. అనవసరంగా క్యాబిన్లో పులిహోర తిన్యారు."

 కోదండపాణి లుంగీ బిగించి గేరు వేశాడు. ఎక్కుడులో ముల్లు ఎనిమిదివందలు, తొమ్మిదివందలు, పదకొండువందల దాకా లేచింది. ఆండాళ్ రెండు చేతులతో సీటు పట్టుకుని కళ్లు మూసుకుంది. ఎర్రబస్సును దాటుతుంటే కండక్టరు తల బయటపెట్టి, "సామికి నయమైంది రోయ్!" అని అరిచాడు.

దిల్షాద్‌బీకి సంగతి తెలిసి అద్దాలు పెట్టుకుని డయలును దగ్గరగా చూసింది. నవ్వు రాకుండా పెదవి కొరుక్కుంది.

"తప్పు నాది గూడ ఉండాది సామీ. వేరే డయలు వేయిస్తా."

"వద్దులే బీ. దీనికి నేను అలవాటు పడినా."

ఆమె మనవరాలు ముస్కాన్ గోళ్లరంగు తెచ్చి మూడువందల దగ్గర ఒకటి, పన్నెండువందల దగ్గర ఒకటి ఎర్రగీతలు పెట్టింది.

తర్వాతి శనివారం లారీ పెద్దముడియం అవతలి ఊళ్లోంచి దుమ్ము రేపుకుంటూ దూసుకుపోయింది. సాయంత్రానికల్లా ఆ ఊరివాళ్లు పదిమంది ట్రాక్టరు కట్టుకుని జమ్మలమడుగు గుడికి వచ్చి, కోదండపాణి తమ్ముణ్ని నిలదీశారు. మా ఊరి వల్ల ఏం అపచారం జరిగింది, సామి ఎందుకు అలిగి పోయినాడు అని. తమ్ముడికి ముందూ వెనకా తెలియక అన్నకు కబురు పెట్టాడు. అన్న వచ్చి డయలు సంగతి, ఎఫ్ సంగతి, సి సంగతి అరగంట విడమరిచి చెప్పాడు. అంతా శ్రద్ధగా విన్నారు. చివరకు వాళ్లతో వచ్చిన శివమ్మ చేతులు జోడించింది.

"నీ లెక్కలు మాకు తెల్వవు గానీ సామీ, వచ్చే వారం మాత్రం రోంత నిదానంగా పోనీ."