గంటకు ముందు

ప్రమీల ఎల్లారెడ్డి దగ్గరి ఒక తండా బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఏడేళ్ల కూతురు శిరీష కళ్ల ముందుంటుందనే ఆ పనికి ఒప్పుకుంది. శిరీష మాట్లాడదు. పప్పు అన్నానికి తగిలితే పళ్లెం తోసేస్తుంది. గంట మోగితే నేలకు తల కొట్టుకుంటుంది. అందుకే గంట వేళ కాగానే ప్రమీల గరిటె వదిలి తరగతిలోకి పోయి, వెనక మోకాళ్ల మీద కూర్చుని కూతురి చెవులు మూస్తుంది. రోజుకు నాలుగుసార్లు ఇదే పని. మోకాళ్లు నొస్తాయి, అన్నం అడుగంటుతుంది, పిల్లలు నవ్వుతారు. ఆటిజం కావచ్చు, హైదరాబాదులో చూపించమని కామారెడ్డి డాక్టరు చెప్పి రెండేళ్లయింది. ఒకసారి బయల్దేరారు కూడా. కామారెడ్డి బస్టాండులో హారన్ల మోతకు పిల్ల చేతులు కొరుక్కుంటే వెనక్కి వచ్చేశారు.

ఆ ఏడాది, 2012లో, బడికి కొత్తగా వచ్చిన సారు ఒకరోజు అరగంట ముందే గంట కొట్టించాడు. ప్రమీల పరుగెత్తి చేరేసరికి శిరీష నుదురు చిట్లింది. సారు బెదిరిపోయాడు.

"ఇదేం రోగమమ్మా? డాక్టర్ కాగితం ఉన్నదా? లేకుంటే బడిల ఎట్ల ఉంచుకోవాలె?"

"పేరు నాకు సరిగ తెల్వది సార్," అంది ప్రమీల, కొంగుతో రక్తం అద్దుతూ. "గంట కొట్టే ముంగట నాకొక మాట చెప్పుండ్రి. గంతే."

మర్నాడు సారే వంటగది దాకా వచ్చాడు.

"గంట కొట్టిస్తున్న అక్కా. కాగితం మాత్రం ఎప్పటికన్నా తేవాలె."

"తెస్త సార్," అంది ప్రమీల. ఎప్పుడో, ఎలాగో ఆమెకే తెలియదు. పొయ్యిలో కట్టె వెనక్కి లాగి, తరగతి వైపు నడిచింది.