నలుగురిలో అన్న మాట

నా చిన్నప్పుడు, ఇప్పుడు విమానాలు దిగుతున్న ఈ నేల మీద మాకు తెలిసిన పెద్ద చప్పుడు ఒక్కటే, ద్రాక్షతోటలో కావలి కాక కొట్టే రేకు డబ్బా చప్పుడు. తెల్లవారగానే రామచిలుకలు గుంపులుగా వచ్చి పందిళ్ల మీద వాలేవి. తోటకు కాపలా ఉండే ఆ కాక, కర్రతో డబ్బా వాయిస్తూ వాటిని తరిమేవాడు. మా అమ్మ ఆ చప్పుడు విని పొయ్యి అంటించేది. శంషాబాద్ పక్కన మా ఊరు అప్పట్లో అంత చిన్నది.

మా తాత ఆ ఊళ్లో ఉపదేశి. ఫాదర్ నెలకు ఒకటి రెండుసార్లే వచ్చేవారు. మిగతా ఆదివారాలు మా చిన్న గుడిలో ప్రార్థన నడిపించడం, పిల్లలకు జపాలు నేర్పడం, పోయినవాళ్లను సాగనంపడం అంతా మా తాత పనే. ఎకరం చెలక తప్ప ఆయనకు ఆస్తి లేదు గానీ ఆయన మాటకు ఊళ్లో ఎదురు లేదు. ఉపదేశి చెప్పాడంటే హిందువులైనా, మావాళ్లైనా మళ్లీ అడిగేవారు కాదు. ఆ గొప్పలో నాకూ వాటా ఉందనుకుని నేను తల ఎగరేసుకుని తిరిగేదాన్ని.

గుడి గోడ పక్కన ఒకే ఒక్క ద్రాక్షతీగ ఉండేది. కావలి కాక మా మతం వాడు కాకపోయినా, తోట ఆసామిని అడిగి కొమ్మ తెచ్చి తన చేతులతో నాటాడు. రోజూ తోటకు పోతూ పోతూ దానికి బిందెడు నీళ్లు పోసేవాడు. మూడో ఏడు అది రెండు గుత్తులు కాసింది. ఈస్టర్ తర్వాతి ఆదివారం మేం ఏడుగురు పిల్లలం మొట్టమొదటిసారి సత్ప్రసాదం, అంటే పూజలో ఫాదర్ ఇచ్చే పవిత్రమైన అప్పం అందుకోబోతున్నాం. ఆ రోజు పీఠం ముందు అర్పించడానికి పెద్ద గుత్తిని మా తాత అట్టేపెట్టాడు. చిలుకలు పొడవకుండా మా నానమ్మ తెల్లగుడ్డ మీద ఎర్రదారంతో చిన్న సిలువ కుట్టి దానికి కట్టింది.

ఈస్టర్‌కు ముందు నలభై రోజులు మాకు తపస్సుకాలం. ఆ రోజుల్లో ఏదో ఒకటి వదులుకుంటామని పిల్లలం గుడిలో నిలబడి చెప్పాం. ఒకరు చాయ్ అన్నారు, ఒకరు బెల్లం అన్నారు. నేను తీపి అన్నదే ముట్టనని అందరికంటే గట్టిగా చెప్పాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఆ మాట మీద నెల రోజులు నిలబడ్డాను. తర్వాత ఒక మధ్యాహ్నం, గుత్తి ఎంతవరకు పండిందో చూద్దామని గుడ్డ విప్పాను. చూసి ఊరుకోలేకపోయాను.

గుత్తంతా అయిపోయాక గానీ నాకు భయం పుట్టలేదు. గుడ్డను పారేద్దామంటే దాని మీద సిలువ ఉంది. మడిచి పుస్తకాల సంచి అడుగున దాచాను. సాయంత్రం మా తాత తీగకు పెద్ద గుత్తి లేకపోవడం చూసి, “ఎవరు తెంపిన్రు బిడ్డా, నువ్వు చూసినవా?” అని అడిగాడు. నేనేనంటే ఆ ఏడు నన్ను సత్ప్రసాదానికి నిలబెట్టడు. తెల్లగౌను అప్పటికే కుట్టించి పెట్టారు. “కావలి కాక తెంపుతుంటే చూసిన” అనేశాను. రోజూ అక్కడికి వచ్చేది ఆయనే కాబట్టి ఆ పేరే నోటికొచ్చింది.

మా తాత నన్ను రెండోసారి అడగలేదు. నేరుగా బస్సులు ఆగేచోట ఉన్న చాయ్ హోటల్‌కు వెళ్లి, అందరి ముందూ కావలి కాకను నిలదీశాడు. దేవుడి కోసం పెట్టినదాన్ని తినడానికి సిగ్గు లేదా అన్నాడట. కాక “నాకెరుక లేదయ్యా” అని ఒక్కమాట అని తల వంచుకున్నాడట. ఉపదేశి మాట కదా, ఎవరూ ఆయన తరఫున నోరెత్తలేదు. గుడి దగ్గర దొంగిలించినవాడు తోటలో దొంగిలించడా అని ఆసామి ఆ రాత్రికే ఆయన్ని పనిలోంచి తీసేశాడు. కాక మూట కట్టుకుని షాద్‌నగర్‌లో ఉన్న కూతురింటికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున డబ్బా చప్పుడు లేదు. చిలుకలు ఇష్టమొచ్చినట్టు తిన్నాయి. మా అమ్మ ఆలస్యంగా లేచి, ఆ తప్పు కూడా కాక నెత్తినే వేసి తిట్టుకుంది. నాకు ముద్ద దిగలేదు. అయినా నోరు విప్పలేదు. నేనెంత పిరికిదాన్నో నాకు ఆ వారమే తెలిసింది.

నాలుగో రోజు జపాల పుస్తకం కోసం మా తాత నా సంచిలో చెయ్యి పెట్టాడు. తెల్లగుడ్డ బయటికి వచ్చింది. నేను గడప దగ్గర నిలబడి చూస్తూనే ఉన్నాను. ఆయన ఆ గుడ్డను విప్పి చూసి, మళ్లీ మడిచి జేబులో పెట్టుకుని బయటికి వెళ్లిపోయాడు. ఇక వీపు చిట్లుతుందనుకున్నాను. ఆయన కొట్టలేదు, తిట్టలేదు, అసలు ఆ ఊసే ఎత్తలేదు. కొడితే బాగుండుననిపించింది.

ఆ ఆదివారం ఫాదర్ వచ్చారు. పూజ మొదట్లో, గుండెల మీద చేత్తో కొట్టుకుంటూ తప్పులు ఒప్పుకునే జపం ఒకటుంది. దాన్ని ఎప్పుడూ మా తాతే గొంతెత్తి చెప్పించేవాడు. ఆ రోజు సగంలో ఆయన గొంతు ఆగిపోయింది. మిగతాది ఆడవాళ్లు పూర్తి చేశారు. తప్పు దిద్దుకోనివాళ్లు సత్ప్రసాదం అందుకోకూడదు. ఆ వేళ అందరూ వరుసలో వెళ్తుంటే, ఎప్పుడూ అందరికంటే ముందు ఉండే మా తాత తన చోటునుంచి కదల్లేదు. గుడిలో గుసగుసలు మొదలయ్యాయి. ఆయన మొహం చూడలేక నేను కాళ్ల కింది చాప వైపు చూస్తూ కూర్చున్నాను. ఇంకో మూడు వారాల్లో తెల్లగౌను వేసుకుని అదే వరుసలో నిలబడబోయేది నేను.

పూజ అవగానే మా తాత నా దగ్గరికి వచ్చి, “చెప్పులేసుకో బిడ్డా, షాద్‌నగర్ పోదాం” అన్నాడు. కూతురింటి ముందు కాక కందికట్టెతో చీపురు కడుతూ కనిపించాడు. తనకంటే చిన్నవాడైన ఆ మనిషి ముందు మా తాత రెండు చేతులూ జోడించాడు. “తమ్మీ, నిన్ను అడగకుంట, నేను చూడకుంట నోరు జారిన. తప్పైంది” అన్నాడు. కాక కంగారుపడి లేచి, పోనీయమని ఆయన చేతులు పట్టుకున్నాడు. మా తాత వినలేదు. “నలుగుర్ల అన్న. నలుగుర్లనే చెప్పాలె. జర నా ఎంబడి రా” అన్నాడు.

ముగ్గురం సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చాం. దిగింది ఆ చాయ్ హోటల్ ముందే. తోట ఆసామి కూడా అక్కడే ఉన్నాడు. మా తాత నోట సంగతి విని ఆయన మా తాతను పక్కకు పిలిచాడు. కాకను పొద్దున్నే పనిలో పెట్టుకుంటానని, దీనికి నలుగురిలో చెప్పుకోవడం ఎందుకని, రేపు గుడిలో ఉపదేశి మాట ఎవరు వింటారని నచ్చజెప్పబోయాడు. మా తాత మళ్లీ హోటల్ ముందుకే వచ్చి, గుడిలో ప్రార్థన చెప్పించే గొంతుతో చెప్పాడు. “ద్రాక్షలు ఈయన తెంపలే. నేను ఉత్తగనే బద్నాం చేసిన. ఈయన పని పోయింది నా నోటి వల్లనే. మీ అందరి ముంగట తప్పొప్పుకుంటున్న.”

చాయ్ తాగేవాళ్లలో ఎవరో, “మరి ఎవరు తెంపిన్రు ఉపదేశీ?” అని అడిగారు. తెల్లగుడ్డ ఆయన జేబులోనే ఉంది. “అది నాకెరుకే. గని అది నేను చెప్పేది కాదు. నేను నా తప్పు చెప్పుకునేందుకు వచ్చిన” అన్నాడు మా తాత. నా వైపు చూడనైనా చూడలేదు. చూసి ఉంటే ఏడ్చి ఆయన వెనక దాక్కునేదాన్నేమో. నన్ను నాకే వదిలేశాడు.

“నేనే తెంపిన” అన్నాను. ఎవరికీ వినపడలేదు. మళ్లీ అన్నాను. “నేనే తెంపిన కాకా. తెంపి నీ పేరు చెప్పిన.”

కావలి కాక నా ముందు గొంతుకూర్చున్నాడు. చెంప మీద ఒక్కటి వేస్తాడని కళ్లు మూసుకున్నాను. ఆయన మెల్లగా, “మరి ఎట్లుండె బిడ్డా, తియ్యగుండెనా?” అని అడిగాడు. మూడేళ్లు నీళ్లు పోసిన తీగ, ఆ రుచి ఆయనకే ఇంకా తెలియదు. “పుల్లగుండె కాకా” అని భోరుమన్నాను. ముందు ఆయన నవ్వాడు, తర్వాత హోటల్ అంతా నవ్వింది. మా తాత మాత్రం జేబులోంచి తెల్లగుడ్డ తీసి కళ్లు తుడుచుకున్నాడు.

ఫాదర్‌కు అంతా చెప్పుకున్నాకే నేను తెల్లగౌను వేసుకున్నాను. తీగకు మిగిలిన చిన్న గుత్తికి కాకే గుడ్డ కట్టాడు. ఆ ఆదివారానికి అది పండింది. మేం సత్ప్రసాదం తీసుకుంటుంటే మా తాత వరుసలో అందరికంటే చివర నిలబడ్డాడు. కాక గుడి తలుపు దగ్గర నుంచి చూశాడు. ఆసామి భయపడినట్టు మా తాత మాట ఏమీ పలచబడలేదు. కాకపోతే, ఎవరైనా ఇంకొకరి మీద చాడీ చెప్పబోతే, “నీ కండ్లతోని చూసినవా?” అని ఒకటికి రెండుసార్లు అడగడం ఆయనకు అలవాటైంది.

ఆ తోటలు ఇప్పుడు లేవు. గుడి మీదుగా విమానాలు పోతుంటే ఫాదర్ ప్రసంగం ఆపి, చప్పుడు తగ్గాక మళ్లీ మొదలుపెడతారు. నేను ఆదివారాలు అక్కడ పిల్లలకు జపాలు నేర్పుతాను. గుడిలో పటాలున్న పునీతుల్లో ఎవరిలా బతకాలనుకుంటున్నారో పేరు రాసి ఇమ్మంటే పిల్లలు ఉత్సాహంగా రాస్తారు. ఆమధ్య ఒకసారి రావిర్యాల నుంచి వచ్చే ఒక చిన్నపిల్ల, “మరి నువ్వు ఎవరి పేరు రాస్తవ్ అమ్మమ్మా?” అని అడిగింది. మా తాత పేరు చెప్పాను. ఆయన పటం గుడిలో ఎక్కడుందని వెతికింది.

పోయిన నెల ఆ పిల్లనే నేను అందరి ముందూ కసురుకున్నాను. బల్ల మీద పెట్టిన నా జపమాల కనిపించలేదు. అక్కడ ఆడుకుంటున్నది ఆ పిల్లే కాబట్టి తనే తీసిందన్నాను. ఇంటికి వెళ్లి చూసుకుంటే అది నా సంచి అడుగునే ఉంది. వారమంతా నాకు ముద్ద దిగలేదు, తొమ్మిదేళ్లప్పటిలాగే. వాళ్లమ్మకు ఫోన్ చేసి చెబితే సరిపోతుందని కూడా అనిపించింది, అబద్ధమెందుకు.

మరుసటి ఆదివారం పిల్లలందరూ కూర్చున్నాక ఆ పిల్లను ముందుకు పిలిచి, పక్కన నిలబెట్టుకున్నాను. నోరు తెరిచేసరికి నెత్తి మీదికి విమానం వచ్చింది. కిటికీ అద్దాలు అదిరాయి. అప్పుడే చెప్పేసి ఉంటే ఎవరికీ ఏమీ వినపడేది కాదు. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని చప్పుడు పూర్తిగా పోయేదాకా ఆగాను. ఆగి, వెనక బెంచీ వాళ్లకు కూడా వినపడేలా చెప్పాను.