గంగామణి రాసిన అర్జీ

కొత్త మానసిక ఆరోగ్య చట్టం కింద మాకు రివ్యూ బోర్డు ఏర్పడిన మొదటి ఏడాది, వానలు పడుతున్న రోజుల్లో, నన్ను నాందేడ్‌లోని ఒక ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి బాధ్యుడిగా వేశారు. రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్ళుంది. తెలుగు మాట్లాడే డాక్టర్ని అక్కడ నేనొక్కణ్ణే. ధర్మాబాద్ వైపు నుంచి తెలుగువాళ్ళు ఎవరొచ్చినా నా దగ్గరికే పంపమని సిస్టర్లకు చెప్పి పెట్టాను. అందులో సేవ కొంత, గొప్ప కొంత. తెలుగు చదవడం రాదని మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, కాలేజీలో ఇంగ్లీషు. నాందేడ్‌లో పుట్టి పెరిగిన మాబోటివాళ్ళు చాలామంది ఇంతే. నోటినిండా తెలుగే గాని, అక్షరం ముక్క రాదు.

బాబ్లీ దగ్గరి ఊరి నుంచి రాజన్న అనే రైతు తన భార్య గంగామణిని తీసుకొచ్చాడు. ఆమె పుట్టిల్లు తెలంగాణలో, భైంసా దిక్కు. అక్కడి తెలుగు బడిలో పదో తరగతి దాకా చదివింది. ఎనిమిది నెలల ఆడపిల్ల ఉంది.

“పదిహేను దినాలాయె సార్, నోట్ల మాట లేదు, అన్నం ముట్టది. పొద్దంత బాయి గడ్డ మీద కూసుంటది. నాకు బయమైతున్నది,” అన్నాడు రాజన్న.

రోగి తన మేలు తాను నిర్ణయించుకోలేని స్థితిలో ఉంటే, ఆమె తరఫున ప్రతినిధి దరఖాస్తు ఇవ్వాలి. రాజన్న ఇచ్చాడు. ఇద్దరు డాక్టర్లం విడివిడిగా పరీక్షించాం. అలా చేర్చుకుంటే ముప్ఫై రోజుల దాకా ఉంచవచ్చు. ఆడమనిషైతే మూడు రోజుల్లోపు బోర్డుకు తెలపాలి, తెలిపాను. బావి సంగతి విన్నాక చేర్చుకోవడం తప్పని నేను ఈనాటికీ అనుకోను. అయితే అదే చట్టంలో మరో నిబంధన ఉంది. మూడేళ్ళలోపు బిడ్డ ఉన్న తల్లిని మామూలుగా బిడ్డ నుంచి వేరు చేయకూడదు. పిల్ల నానమ్మ దగ్గరుంది, డబ్బాపాలు పడుతున్నామని రాజన్న అంటే తలూపి ఊరుకున్నాను.

ఐదో రోజు గంగామణి సైగలతో సిస్టర్ని కాగితం, పెన్ను అడిగింది. పేజీ నిండా రాసి నా చేతికిచ్చింది. చేరినవాళ్ళు తమ కేసు మళ్ళీ చూడమని బోర్డుకు అర్జీ పెట్టుకోవచ్చు. పెట్టుకునేవాళ్ళందరూ అడిగేది ఒకటే, ఇంటికి పంపమని. ఇదీ అంతేననుకున్నాను. ‘డిశ్చార్జి కోరుతోంది’ అని ఇంగ్లీషులో ఒక ముక్క రాసి, దానికి జతచేసి బోర్డుకు పంపేశాను. మా ఇంటావిడది నిజామాబాద్. ఆమె చేతిలో పెడితే రెండు నిమిషాల్లో చదివి చెప్పేది. అడగాలంటే నామోషీ అనిపించింది.

మర్నాడు రౌండ్లకు వెళ్తే గంగామణి నోరు విప్పింది. “సదివిన్రా సార్?” అంది.

సిస్టర్ పక్కనే ఉంది. “సదివినమ్మా, చూస్తం,” అన్నాను. మాట వచ్చిందని, మందు పనిచేస్తోందని కేసు పేపరులో రాసుకున్నాను కూడా.

ఆ తర్వాత ఆమె ఏమీ అడగలేదు. చదివానన్నాను కదా, ఎదురుచూసింది.

బోర్డు కూర్చునేసరికి ఆమె చేరి ఇరవై రెండు రోజులైంది. అధ్యక్షుడు రిటైరైన జడ్జి, మరాఠీ ఆయన. అర్జీలో ఏముందని అడిగితే డిశ్చార్జి అన్నాను. ఆయన ఆ కాగితాన్ని గంగామణికే ఇచ్చి, ఆమెనే చదవమని, నన్ను మరాఠీలో చెప్పమని అన్నారు.

“మందులు తింట. సూదులు ఏసుకుంట. ఎన్ని దినాలుండుమంటె అన్ని దినాలుంట. నా బిడ్డను నా దగ్గరికి తెప్పియ్యిండ్రి. పాలు మోరిల పిండుతున్న.”

పాలు మురికికాలువలో పిండేస్తున్నానన్న మాటతో సహా, నేను ఒక్కో వాక్యం మరాఠీలోకి మార్చి చెప్పాను. ఆమె కాగితం కింద పెట్టి నా వైపు చూసింది. “ఇప్పుడు పాలు వస్తలెవ్వు. మీరు సదివిన అన్నరు గద సార్?” అంది.

ఏమంటోందని జడ్జి గారు అడిగారు. అదీ చెప్పాను. సిగ్గుతో చచ్చిపోయాను.

బిడ్డను వెంటనే తెప్పించమని బోర్డు అప్పటికప్పుడు ఉత్తర్వు రాసింది. నా ఫైలులో తప్పుపడుతూ ఒక శేరా పడింది. మర్నాడు రాజన్న పిల్లను, వెంట తన తల్లిని తీసుకొచ్చాడు. పిల్ల తల్లి ఒళ్ళో ఉండలేదు. ఏడుస్తూ నానమ్మ కొంగు కోసం చేతులు చాచింది. గంగామణి పూర్తిగా కోలుకుని ఇంటికి వెళ్ళింది. పాలు మాత్రం మళ్ళీ పడలేదు. నా మీద ఆమె ఏ ఫిర్యాదూ చేయలేదు.

బలవంతపు చికిత్స అంటే తలుపుకు గొళ్ళెం, చేతికి సూది అని నా సర్వీసంతా అనుకున్నాను. ఆ రెంటికీ ఆమె రాతపూర్వకంగా ఒప్పుకుంది. బలవంతం జరిగింది బిడ్డ విషయంలో, దానికి ఎవరి దరఖాస్తూ లేదు, ఎవరి సంతకమూ లేదు. ఆరో రోజు పొద్దున “నాకు చదవరాదమ్మా, నువ్వే చెప్పు” అని ఉంటే, సాయంత్రానికల్లా పిల్ల వార్డులో ఉండేది.